కారు ఆంప్లీకి నాలుగు ఛానళ్లు చాలు



పండుగల మీద, ఆదివారం తెలుగు తరగతుల మీద రాసేవారు ఈసారి కారు ఆంప్లిఫయర్ మీద రాస్తున్నారేమిటి అని కొందరు నవ్వుకోవచ్చు. కానీ మన గ్రూపులో కొన్ని వారాలుగా ఇదే మాట నడుస్తున్నది. కొత్తగా కారు కొన్న ఇళ్లు ఎక్కువైనాయి. ఉగాదికి ముందు తిరుపతి, కాళహస్తి ప్రయాణాలు పెట్టుకున్నవారు ఉన్నారు. కుర్రవాళ్లు పెద్ద పెట్టె, పెద్ద బూమ్ కావాలంటున్నారు. పెద్దలు కారుతో వచ్చిన సెట్టే చాలు, మిగతాదంతా దండగ అంటున్నారు. మమ్మల్ని కూడా నలుగురు విడిగా అడిగారు. అందరికీ కలిపి ఇక్కడే చెప్పుతున్నాము.

మా అభిప్రాయం మొదటే చెప్పేస్తాము. మన ఇళ్లలో ఉండే మామూలు కార్లకు నాలుగు ఛానళ్ల ఆంప్లీ ఒకటి చాలు. ఛానల్‌కు నిజమైన 50 నుంచి 75 వాట్లు ఉండాలి. దానికి తగ్గ రాగి వైరు, బ్యాటరీ పక్కన ఫ్యూజు ఉండాలి. ఇంతకు మించినది మనకు పనికిరాదు. అలాగని ఏమీ వద్దనడం కూడా సరి కాదు.

ఏమీ వద్దనేవారికి ముందు జవాబు చెప్పాలి.

మన పిల్లలకు తెలుగు ఎక్కడ వినబడుతున్నది? బడిలో ఇంగ్లీషు, తమిళం. వీధిలో తమిళం. ఇంట్లో టీవీ పెడితే అది కూడా తమిళమే. అవ్వ, తాత మాట్లాడేది తెలుగే అయినా పిల్లలు కూర్చుని వినే సమయం ఎంత? కారులో మాత్రం వాళ్లు మూడు నాలుగు గంటలు ఎక్కడికీ పోలేరు. అవ్వ అడిగిన పాత పాట, తాత పెట్టించిన హరికథ, ఘంటసాల పాడిన భగవద్గీత, అన్నీ అక్కడే వాళ్ల చెవిన పడుతాయి. చాలా ఇళ్లలో వారానికి పిల్లలు వినే తెలుగంతా కారులో వినేదే. అందుకని కారు సెట్టును సోకు అని మేము అనుకోము.

వినబడడం ఒకటి, మాట తెలియడం ఒకటి. ఇందులో మాలాంటి తమిళ మీడియంలో చదివినవారికి ఒక అనుభవం ఉన్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ప, బ లకు ఒకటే. త, ద లకు ఒకటే. ‘గుడి’ అని రాయాలంటే తమిళ అక్షరాల్లో ‘కుడి’ అనే పడుతుంది. తమిళంలో దానికి తాగు అని అర్థం! పాటకు, బాటకు తేడా కాగితం మీద ఉండదు. మాకు ఆ తేడా పుస్తకం నేర్పలేదు, అమ్మ నోట విని నేర్చుకున్నాము. మన పిల్లల సంగతి కూడా అంతే. తెలుగు చదవడం రాని పిల్లకు చెవే బడి. ఆ చెవికి చేరేటప్పుడు గ, క కలిసిపోతే, భ అన్నది ప లాగా వినబడితే, ఆ పిల్ల అలాగే పలుకుతుంది.

మాటలో హల్లులు విడివిడిగా తెలిసేది ఎక్కువగా 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య. బూమ్ అనే మోత ఉండేది 100 హెర్ట్జ్ కింద. కింద మోత ఎక్కువైతే పైన ఉన్న మాట మునిగిపోతుంది. ఇక సెట్టుకు చేతకానంత గట్టిగా పెడితే శబ్దం చెదిరి, హల్లులన్నీ గరగరలో కలిసిపోతాయి. మంచి ఆంప్లీతో ఈ రెండు కష్టాలూ తప్పుతాయి. గట్టిగా మోగడం దాని తర్వాతి సంగతి.

కారుతో వచ్చే సెట్టు ఎందుకు చాలదో లెక్క చూడండి. దాని మీద 50 ఇంటూ 4 అని రాసి ఉంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు కారులో కరెంటు 14 వోల్టుల చుట్టూ ఉంటుంది. ఆ వోల్టేజిని ఏమీ పెంచకుండా 4 ఓమ్‌ల స్పీకరుకు ఇస్తే కాగితం మీద లెక్కకే 26 వాట్లు మించి రావు. శబ్దం చెదరకుండా వచ్చేది 15 నుంచి 20. నిలబడిన బండిలో అది చాలు. హైవేలో 90 వేగంతో పోతూ, ఏసీ మోత, టైర్ల మోత, పక్కన లారీ ఉంటే చాలదు. అప్పుడు మనం వాల్యూమ్ పెంచుతాము, శబ్దం చెదురుతుంది, అవ్వ ‘ఆపేయ్ నాయనా, తలనొప్పి’ అంటుంది. విడిగా పెట్టే ఆంప్లీ లోపల వోల్టేజిని పెంచుకునే భాగం ఉంటుంది. అందుకే దానికి చెదరకుండా 50, 75 వాట్లు ఇవ్వడం చేతనవుతుంది.

ఇప్పుడు పెద్ద పెట్టె కావాలనే కుర్రవాళ్లకు.

అంగట్లో పెట్టెల మీద 2000 వాట్లు, 4000 వాట్లు అని రాసి ఉంటుంది. మేము రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా పని చేసినవాళ్లము. మూట మీద ఎంత బరువు రాసి తెచ్చినా, తూకం వేయకుండా రసీదు రాయము. ఆంప్లీకి కూడా ఒక తూకం ఉన్నది. దాని పక్కన గుచ్చి ఉండే ఫ్యూజు చూడండి. 30 ఆంపియర్లు అని ఉన్నదనుకోండి. 30ని 13.8 వోల్టులతో హెచ్చిస్తే 414 వాట్లు. అది లోపలికి పోయే కరెంటు. ఏబీ క్లాసు ఆంప్లీ అయితే అందులో సుమారు 60 శాతం శబ్దమవుతుంది, మిగిలింది వేడిగా పోతుంది. 414లో 60 శాతం అంటే సుమారు 248. నాలుగు ఛానళ్లకు పంచితే తలా 62 వాట్లు. పెట్టె మీద 2000 అని ఉన్నా నిజం ఇదే. డి క్లాసు అయితే 80 శాతం దాకా లెక్క కట్టవచ్చు. ఈ లెక్క ఫోనులోనే అంగడివాడి ముందర వేయండి. కొందరు మొహం మారుస్తారు, కొందరు నవ్వుతూ వేరే పెట్టె తీసి చూపిస్తారు. రెండోవారి దగ్గర కొనండి.

పెట్టె మీద చూడవలసిన మాట ఆర్‌ఎంఎస్. మ్యాక్స్, పీక్ అని ఉన్నవి చూడకండి. సీఈఏ 2006 అనే కొలత ప్రకారం అని రాసి ఉంటే మంచిది. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌లకు, చెదురు 1 శాతం మించకుండా కొలిచిన వాట్లు అని దాని అర్థం. అందరూ ఒకే తక్కెడలో తూచితేనే రెండు పెట్టెలను పోల్చడానికి వీలవుతుంది.

ఇంకొకటి. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు. 50 నుంచి 100 వాట్లకు పోతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. 60కి, 75కి మధ్య తేడాకు వేల రూపాయలు ఎక్కువ ఇవ్వడం అర్థం లేని పని.

ఛానళ్ల సంగతికి వస్తాము. ఛానల్ అంటే ఒక స్పీకరుకు విడిగా పోయే ఒక దారి అనుకోండి.

రెండు ఛానళ్లది ముందు తలుపుల స్పీకర్లకు మాత్రమే. ఒక్కరే నడిపే బండికి అది చాలు. కుటుంబానికి చాలదు. వెనుక సీటులో కూర్చునేది అవ్వ, పిల్లలే కదా.

నాలుగు ఛానళ్లది ముందు రెండు, వెనుక రెండు. ముందు ఎంత, వెనుక ఎంత అని విడిగా పెట్టుకోవచ్చు. చెవి తగ్గిన పెద్దలు వెనుక ఉంటే వారి వైపు కొంచెం పెంచవచ్చు, నడిపేవారికి ఇబ్బంది ఉండదు. దీనిలో ఇంకొక సౌకర్యం ఉన్నది. రేపు అబ్బాయి చిన్న సబ్ వూఫర్ అడిగితే, వెనుక రెండు ఛానళ్లను బ్రిడ్జ్ చేసి దానికి ఇవ్వవచ్చు. వెనుక స్పీకర్లను కారు సెట్టుతోనే నడుపుకోవచ్చు. కానీ బ్రిడ్జ్ చేసేటప్పుడు సాధారణంగా 4 ఓమ్‌లకు తక్కువ ఉన్న సబ్ వూఫర్ తగిలించకూడదు. ఆంప్లీ పుస్తకంలో బ్రిడ్జ్‌కు కనీసం ఎన్ని ఓమ్‌లు అని ఉంటుంది, అది చూసి కొనండి.

అయిదు ఛానళ్లది నాలుగు స్పీకర్లకు, ఒక సబ్ వూఫర్‌కు కలిపి ఒకే పెట్టె. ఇప్పుడే సబ్ వూఫర్ కావాలని నిశ్చయం ఉంటే అది మంచిదే. రెండు పెట్టెలు, రెండు వైర్లు తప్పుతాయి. ఆరు, ఎనిమిది ఛానళ్లవి ట్వీటరుకు ఒక దారి, వూఫరుకు ఒక దారి అని విడదీసి, డీఎస్‌పీ పెట్టి సరిచేసేవారికి. దానికి ఓపిక, కొలిచే మైకు, తెలిసిన మనిషి కావాలి. ఇవి లేకుండా కొంటే ఛానళ్లు ఊరికే ఉంటాయి.

ఇక సబ్ వూఫర్ ఒక్కదానికే పెట్టే పెద్ద మోనో ఆంప్లీ. నిజంగా 1000 వాట్లు ఇచ్చేదయితే, డి క్లాసుదే అయినా గట్టిగా మోగేటప్పుడు 90 ఆంపియర్లు లాగుతుంది. మన చిన్న కార్లలో ఆల్టర్నేటర్ సాధారణంగా ఇచ్చేదే 60 నుంచి 90. అదీ ఇంజిన్ బాగా తిరిగేటప్పుడు. వాన రాత్రి సిగ్నల్ దగ్గర నిలబడితే హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ ఫ్యాను అన్నీ అందులో నుంచే తీసుకోవాలి. పాటకు తగ్గట్టు లైట్లు మిణుకుమిణుకుమంటున్న బండ్లు మీరు చూసే ఉంటారు. ఆ బండిలో బ్యాటరీ తొందరగా పోతుంది.

అంతే కాదు, మనం వినే పాటలకు అంత బూమ్ అవసరమే లేదు. 1957 నాటి మాయాబజార్ పాటలు, ఆ కాలపు పాటలు ఈ మన మద్రాసులో మోనోలో రికార్డు చేసినవి. వాటిలో గొంతు, వయొలిన్లు, తబలా ముందుకు ఉంటాయి. 40 హెర్ట్జ్ మోత అందులో లేనే లేదు. లేనిదాన్ని సబ్ వూఫర్ ఎక్కడ నుంచి తెస్తుంది? కొత్త పాటలు వినే పిల్లలకు సీటు కింద పెట్టే చిన్న సబ్ వూఫర్ చాలు.

వైరు సంగతి మాత్రం నిదానంగా చదవండి. ఇందులో ప్రాణాల లెక్క ఉన్నది.

మా వీధిలో ఒక కుటుంబం పోయిన వానాకాలంలో పెళ్లికి పోతుండగా డాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. వెనుక ఇద్దరు పిల్లలు. తండ్రి బండి ఓరగా ఆపి, అందరినీ దించి, బ్యాటరీ వైరు పీకేశాడు. కాళ్ల కింద పట్టా కాలింది, మనుషులకు ఏమీ కాలేదు, దేవుడి దయ. మేము తర్వాత పోయి చూశాము. ఆంప్లీకి పోయే వైరును ఇంజిన్ వెనుక ఇనుప రేకులో రంధ్రం చేసి, రబ్బరు బుష్ పెట్టకుండా లాగారు. బండి అదురుకు రేకు అంచు వైరు తోలును కోసేసింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. ఆంప్లీ దగ్గర ఉన్న ఫ్యూజు ఆంప్లీనే కాపాడుతుంది. దానికీ బ్యాటరీకీ మధ్య నాలుగైదు మీటర్ల వైరు ఉంటే, దాన్ని కాపాడేది బ్యాటరీ పక్కన పెట్టే ఫ్యూజు ఒక్కటే. రెండు వందల రూపాయలు కూడా కాని ఒక రబ్బరు ముక్క, ఒక ఫ్యూజు లేనందుకు ఇంత జరిగింది.

కాబట్టి అంగట్లో నిలబడి ఇవి అడగండి. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపల ఫ్యూజు ఉన్నదా? రంధ్రంలో రబ్బరు బుష్ పెట్టారా? వైరు నిజమైన రాగిదా, లేక అల్యూమినియం మీద రాగి పూతదా? పూత వైరు చూడడానికి అచ్చం రాగి లాగే ఉంటుంది, కానీ కరెంటు మోసే శక్తి తక్కువ. కొస కత్తిరించి కత్తితో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. మేము చెప్పిన నాలుగు ఛానళ్ల ఆంప్లీకి 8 గేజ్ రాగి వైరు, 40 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. పూత వైరే దొరికితే ఒక సైజు లావుది, అంటే 6 లేక 4 గేజ్ తీసుకోండి. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, పెయింటు గీకి వట్టి ఇనుముకు బిగించాలి. పాట తెచ్చే ఆర్‌సీఏ వైరును కరెంటు వైరుకు ఎదుటి వైపు నుంచి లాగాలి. లేకపోతే ఇంజిన్ వేగానికి తగ్గట్టు కూయ్ మని శబ్దం వస్తుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టరు ఉంటే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగుది, దాన్ని ఎవరినీ తాకనివ్వకండి. కొత్త బండి అయితే కంపెనీ వైర్లు కత్తిరించకుండా కప్లరు పెట్టి తగిలించమనండి. వారంటీ గొడవలు తగ్గుతాయి. కారు సెట్టులో ఆర్‌సీఏ రంధ్రాలు లేకపోతే భయపడనక్కర లేదు, స్పీకరు వైరు నుంచే పాట తీసుకునే హై లెవల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్లీలు చాలా ఉన్నాయి.

పెట్టించిన తర్వాత ఆంప్లీ మీద ఉండే గెయిన్ మరను వాల్యూమ్ అనుకుని పూర్తిగా తిప్పేస్తారు. అది వాల్యూమ్ కాదు. సెట్టు వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, గొంతు గరగరలాడే దాకా గెయిన్ నిదానంగా పెంచి, అక్కడ నుంచి కొంచెం వెనక్కి తిప్పి వదిలేయాలి. తలుపు స్పీకర్లకు హై పాస్ 80 హెర్ట్జ్ దగ్గర పెడితే అవి మోసే అనవసరపు బరువు తగ్గి, మాట తేటగా వస్తుంది.

అంగట్లో వినిపించే పాటను నమ్మకండి. జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు పోయినా, రిచీ స్ట్రీట్‌కు పోయినా, వాళ్లు పెట్టేది గుండె అదిరే పాటే. మీ పాటను మీరే పెన్ డ్రైవ్‌లో తీసుకుపొండి. ఒక పాత పాట, ఒక పద్యం, మాటలు మాత్రమే ఉన్న హరికథ ముక్క. వెంట మీ పిల్లనో, మనవడినో తీసుకుపోయి వెనుక సీటులో కూర్చోబెట్టి, వినిపించి, ఆ మాట తిరిగి చెప్పమనండి. గుడి అన్నదా, కుడి అన్నదా? బాట అన్నదా, పాట అన్నదా? ఇంతకన్నా మంచి మీటరు ఏ అంగట్లోనూ లేదు.

మోత గురించి ఒక మాట చెప్పి ముగిస్తాము. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45. మన బండి పాట పక్కింటి కిటికీని అదరకొడితే అది తెలుగును కాపాడడం కాదు. ఈ ఊళ్లో మన పెద్దలు తరతరాలుగా ఇరుగుపొరుగుతో మంచిగా ఉండి మనకు పేరు తెచ్చారు. మన పాట వల్ల ఎవరూ మొహం చిట్లించకూడదు. పిల్లల చెవులు కూడా చూసుకోవాలి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు మించితే చెవికి చెరుపు అంటారు. అక్కడ నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. తలుపులన్నీ మూసిన కారులో 94 తేలికగా వస్తుంది.

దండగ అనే పెద్దలకు మరొక్కసారి. పిల్లల తెలుగు ట్యూషన్‌కు, తెలుగు పుస్తకాలకు సంఘం ఖర్చు పెడుతున్నప్పుడు ఎవరూ దండగ అనలేదు. అవ్వ వినే పాట పిల్లకు తేటగా చేరడానికి పెట్టే ఖర్చు కూడా ఆ జాబితాలోదే. బూమ్ కోసం పట్టు పట్టే తమ్ముళ్లకు కూడా చెప్పేది ఒకటే. మీ డబ్బులో అయిదో వంతు వైరుకు, ఫ్యూజుకు, బిగింపుకు పక్కన పెట్టండి. మిగిలినదానికి వచ్చిన ఆంప్లీ మీకు చాలు.

సంఘానికి మా కోరిక ఒకటి. డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఒకటి సంఘం తరఫున కొని ఆఫీసులో పెట్టండి. ఎవరైనా ఆంప్లీ పెట్టించుకుంటే ఆదివారం తరగతి అయిన తర్వాత బండి తీసుకురమ్మనండి. వైరు, ఫ్యూజు, ఎర్త్ మేము చూస్తాము. ఐటీఐ చదివిన పిల్లలు మన సంఘంలో ఉన్నారు, వాళ్లను కూడా పిలుచుకుందాము. ఉగాది ప్రయాణాలకు ముందే అన్ని బండ్లూ చూసేస్తే మంచిది.